కాలవ గట్టు దూకుడు, స్ప్రింగ్‌బోర్డు టేకాఫ్: ఒక కేస్ స్టడీ

డైవర్‌ను గుర్తుపట్టే వీలు లేకుండా పేరు, పేట, పూల్ వివరాలు వదిలేశాం. సాధన వివరాలు మాత్రం పూర్తిగా ఇస్తున్నాం. ఈ కేసులో పనికొచ్చేదంతా అందులోనే ఉంది.

నేపథ్యం

విజయవాడ కుర్రాడు, వయసు పద్నాలుగు. ఈత వచ్చింది కాలవలో, దూకడం వచ్చింది కాలవ గట్టు మీద, కృష్ణ ఘాట్ల మెట్ల మీద. ఓ వేసవిలో కాలవల్లో నీళ్లు ఆపేశాక సమ్మర్ క్యాంపుకు వచ్చి, ఈత లేన్ల కన్నా బోర్డు వైపే ఎక్కువ చూశాడు. అలా డైవింగ్‌లో పడ్డాడు. ఈ కేసు మొదలయ్యేనాటికి ఏడాదిన్నర సాధన ఉంది. ఒక మీటరు బోర్డు మీద 101సి, 101బి, 201సి, 401సి డైవ్‌లు చేస్తున్నాడు. 101 అంటే ముందుకు, 201 అంటే వెనక్కి, 401 అంటే నీటికి వీపు పెట్టి బోర్డు వైపు తిరిగే డైవ్. సి అంటే టక్ (మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని), బి అంటే పైక్ (మోకాళ్లు తిన్నగా ఉంచి నడుము దగ్గర వంగి). తర్వాత చేయాల్సింది 103సి, అంటే టక్‌లో ముందుకు ఒకటిన్నర పల్టీ. ఒక మీటరు మీద దాని డిఫికల్టీ (కష్టాన్ని చూపే అంకె) 1.6. భయం లేని పిల్లవాడు, చెప్పింది చేస్తాడు. ఆ రెండో గుణమే మొదట్లో శిక్షకులమైన మమ్మల్ని తప్పుదారి పట్టించింది. తప్పు సలహాను కూడా అంతే శ్రద్ధగా పాటించాడు.

బోర్డు అల్యూమినియంది. 16 అడుగుల పొడవు, 20 అంగుళాల వెడల్పు, బోర్డు కింద ఆనిక అయిన ఫల్క్రమ్‌ను ముందుకూ వెనక్కూ జరపడానికి కాలితో తిప్పే చక్రం. చక్రాన్ని నీటి వైపు తిప్పితే బోర్డు బిగుస్తుంది, వెనక్కి తిప్పితే మెత్తబడుతుంది. బెజవాడ ఎండల్లో ఉదయం ఎనిమిది దాటితే ఆ లోహం మీద పాదం ఆనదు. బకెట్టు నీళ్లు పోసినా రెండు నిమిషాలే. అందుకే సాధన ఆరు నుంచి ఏడున్నర మధ్య. లోతు వైపు మాకు దక్కేది అందులో నలభై, నలభై అయిదు నిమిషాలు. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ కొద్ది సమయంలో ఇమడాలి.

వచ్చిన సమస్య

101లో కాళ్లు నిలువు దాటి అవతలికి వాలిపోతున్నాయి, తిరుగుడు ఎక్కువవుతోంది. 103సిలో దానికి పూర్తి వ్యతిరేకం. తిరుగుడు చాలక పొట్ట, తొడలు నీటికి చరచుకుంటున్నాయి. ఒకే కుర్రాడు, ఒకే బోర్డు. ఒక డైవ్‌లో ఎక్కువ తిరుగుతున్నాడు, ఇంకోదాంట్లో తక్కువ. ఇవి రెండు వేర్వేరు జబ్బులని మొదట అనుకున్నాం. 101కి తల కదపొద్దని, 103కి టక్ గట్టిగా లాగమని, విడివిడిగా మందులు రాశాం. కొన్ని వారాలు ఇలాగే పోయాయి.

నిజానికి జబ్బు ఒకటే. బోర్డు వదిలేటప్పటికే ఒళ్లు బాగా ముందుకు వాలి ఉంది. ఆ వాలుతో తిరుగుడు ఉచితంగా వస్తుంది, ఎత్తు మాత్రం పోతుంది. 101కి కావాల్సింది సగం పల్టీయే కాబట్టి ఉచితంగా వచ్చిన తిరుగుడు ఎక్కువైపోతుంది. 103కి కావాల్సింది గాలిలో సమయం. ఎత్తు లేకపోతే ఆ సమయం లేదు, టక్ ఎంత బిగించినా ఒకటిన్నర పూర్తయ్యేలోపే నీళ్లు వచ్చేస్తాయి.

దీన్ని కొలిచి చూశాం. ఫోన్‌ను స్టాండుకు బిగించి, బోర్డు కొసకు సరిగ్గా పక్కన, బోర్డు ఎత్తులోనే పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో తీశాం. పాదాలు బోర్డు వదిలిన ఫ్రేము నుంచి నడుము అత్యంత ఎత్తుకు చేరిన ఫ్రేము వరకు లెక్కపెడితే 84 వచ్చాయి, అంటే 0.35 సెకను. ఆ లెక్కన శరీరం లేచింది 60 సెంటీమీటర్లు. ఫోన్‌ను ఏటవాలుగానో కింది నుంచో పెడితే వాలు కొలత పనికిరాదు. మొదటి రెండు రోజుల వీడియోలు అందుకే పారేయాల్సి వచ్చింది.

ప్రయత్నించినవి, పని చేయనివి

మొదటిది మాట సలహా: "ముందుకు వాలకు, గడ్డం పైకి పెట్టు." కుర్రాడు అక్షరాలా పాటించాడు. పాదాలు బోర్డు మీద దిగాక ఛాతీని, తలను వెనక్కి లాగాడు. వాలు తగ్గినట్టే కనిపించింది. మూడో రోజు 101బిలో దిగుతూ చేతి వేళ్లు బోర్డు అంచుకు అందేంత దగ్గరగా వచ్చాడు. ఆ సలహాను ఆ పూటే ఆపేశాం.

కారణం తర్వాత అర్థమైంది. హర్డిల్ (నడక చివర ఒంటికాలి మీద లేచి, రెండు పాదాలతో బోర్డు కొసన దిగే గెంతు) నుంచి దిగేటప్పటికే శరీరానికి ముందుకు వేగం ఉంది. భుజాలు వెనక్కి లాగితే ఆ వేగం పోదు, పైభాగం మాత్రం వెనకబడుతుంది. ఒక్కో డైవ్‌లో ఒక్కోలా బయటపడుతుంది: ఒకసారి దూరంగా, ఒకసారి బోర్డుకు ఆనుకున్నట్టు. ఎటు పడతాడో తెలియని టేకాఫ్ కన్నా ఎప్పుడూ ఒకేలా వాలే టేకాఫే నయం. దాని చుట్టూ కనీసం జాగ్రత్తలు పెట్టుకోవచ్చు.

రెండోది కాళ్ల బలం. వాళ్ల నాన్నగారు "కాళ్లలో పస లేదేమో సార్" అన్నారు. మాకూ ఆ అనుమానం ఉంది. ఆరు వారాలు నేల మీద పని పెట్టాం: వారానికి మూడు రోజులు, 45 సెంటీమీటర్ల పెట్టె మీదికి గెంతులు, స్క్వాట్ జంపులు, తాడాట. నేల మీద ఎగరడం బాగా పెరిగింది. బోర్డు మీద మాత్రం ఒక్క ఫ్రేము కూడా పెరగలేదు. పైగా లయ ఇంకా చెడింది.

ఈ ఫలితం మా కళ్లు తెరిపించింది. నేల తగలగానే తిరిగి తన్నాలి, ఎంత త్వరగా తన్నితే అంత ఎత్తు. బోర్డు అలా కాదు, అది కిందికి వంగడానికి సమయం తీసుకుంటుంది. అది దిగుతున్నంతసేపూ మోకాళ్లు విప్పుతూ, చేతులు కింది నుంచి పైకి ఊపుతూ దాన్ని ఇంకా కిందికి నొక్కుతూ ఉండాలి. వాడు నేల అలవాటుతో ఒక్క తన్ను తన్నేస్తున్నాడు. ఫ్రేము ఫ్రేముగా చూస్తే, బోర్డు సగం దారి దిగేసరికే మోకాళ్లు పూర్తిగా తిన్నగా అయిపోయాయి. మిగతా సగం దారిలో నొక్కడానికి వాడి దగ్గర ఏమీ మిగల్లేదు. అంటే మనం ఆరు వారాలు పెట్టి తప్పు లయనే బలపరిచాం. బలం పనికిరాదని కాదు. ముందు లయ, తర్వాత బలం అయ్యుండాల్సింది.

మూడోది ఫల్క్రమ్. బోర్డు మెత్తగా ఉంటే అదే ఎగరేస్తుందన్న ఆశతో చక్రాన్ని ఒక్కసారిగా బాగా వెనక్కి తిప్పాం. మెత్తటి బోర్డు నెమ్మదిగా దిగి నెమ్మదిగా లేస్తుంది. తొందరపడేవాడి దగ్గర ఆ తొందర రెట్టింపుగా కనిపిస్తుంది. కుర్రాడి మాటల్లోనే చెప్పాలంటే "కాలు పెట్టాక కూడా ఇంకా కిందికి పోతానే ఉంది సార్". రెండు రోజులు చూసి మళ్లీ బిగించాం. దీంట్లో దిద్దుకోవాల్సింది మమ్మల్ని మేమే. ఫల్క్రమ్ లయ తెలిసినవాడికి ఎత్తు ఇస్తుంది, లయ తెలియనివాడికి నేర్పదు.

తప్పు పుట్టిన చోటు

ఇంతవరకూ వీడియోను పాదాలు బోర్డు కొసను తాకిన క్షణం నుంచి చూస్తున్నాం. అక్కడి నుంచి వెనక్కి జరుపుతూ చూడటం మొదలుపెట్టాక అసలు విషయం కనిపించింది. వాలు టేకాఫ్‌లో పుట్టలేదు, రెండడుగుల వెనక పుట్టింది.

ఆఖరి అడుగు మిగతావాటికన్నా బాగా పొడవు. దాంతో పాదం శరీరం కన్నా చాలా ముందు పడుతోంది. దాని మీద నుంచి హర్డిల్ ఎక్కినప్పుడు ఒళ్లు పైకి కాక ముందుకు పోతోంది. హర్డిల్ పొడవు 110 సెంటీమీటర్లు, ఎత్తు చూస్తే మోకాలి దాకా కూడా లేదు. గాలిలో ఉండగానే కళ్లు బోర్డు కొసను వదిలి నీటి మీదికి వెళ్లిపోతున్నాయి. చూడని చోట పాదం ఎలా పడుతుంది? కొసకు జానెడు లోపల పడుతోంది, అదీ ఒక పాదం ముందు, ఇంకోటి వెనక. వినేవాడికి అది 'దబ్' అని కాక 'ద-దబ్' అని వినిపిస్తుంది. అన్నాళ్లూ ఆ శబ్దం మా చెవిన పడుతూనే ఉంది, పట్టించుకోలేదు.

వీడికి ఈ నడక ఎక్కడిదని అడగడమే సరైన ప్రశ్న అయింది. "గట్టు మీద నుంచి ఎట్టా దూకుతావురా, చూపించు" అని లోతు వైపు గట్టు మీద నుంచి దూకించాం. పరుగు, ఆఖరి పొడవాటి అంగ, ఒంటికాలి తన్ను, తల ముందు, చూపు పడబోయే చోటు మీద. బోర్డు మీద కనిపించిన ప్రతి తప్పూ అక్కడ ఉంది. ఎందుకలా అంటే వెంటనే జవాబిచ్చాడు: "మెట్లు తగలకుండా దూరంగా పడాలి కదా సార్."

వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఘాటు మెట్లు నీటి లోపలికి దిగి ఉంటాయి. కాలవ గట్టు రాతి కట్టు వాలుగా ఉంటుంది. అక్కడ పైకి ఎగిరితే దెబ్బ తగులుతుంది, దూరంగా దూకితేనే బతుకుతాడు. అది తప్పుడు అలవాటు కాదు, ఇంకోచోట ప్రాణం కాపాడిన అలవాటు. "వంగకు" అన్న మాటతో అది ఎందుకు పోలేదో అప్పుడు తెలిసింది. దూరంగా పడకపోతే ప్రమాదమని ఒంటికి తెలుసు. మనం అడిగింది ఒంటి దృష్టిలో ప్రమాదకరమైన పని.

అందుకని ముందుగా కుర్రాడికి బోర్డు పనితీరు చూపించాం. పెద్ద డైవర్‌ను కొస మీద నిలబెట్టి బోర్డును కిందికి ఊపించి, పక్క నుంచి చూడమన్నాం. బోర్డు వంగినప్పుడు దాని కొస నీటి వైపు ఏటవాలుగా తిరుగుతుంది. తిరిగి లేచేటప్పుడు అది మనిషిని నిట్టనిలువుగా కాదు, కొద్దిగా బయటికి కూడా విసురుతుంది. గట్టు రాయి ఆ సాయం చేయదు, అందుకే అక్కడ మనమే దూరంగా దూకాలి. బోర్డు మీద నిలువుగా నొక్కితే చాలు, దూరం సంగతి బోర్డు చూసుకుంటుంది. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక వాడిలో బిగువు సగం తగ్గింది.

పని చేసినవి

మొదటి వారం తలకిందులుగా దూకడమే లేదు. ఫల్క్రమ్ బాగా ముందుకు తిప్పి, బోర్డు బిగువుగా పెట్టి, కొస మీద నిలబడి పాదాలతో దిగే సాదా గెంతులు మాత్రమే. రోజుకు ముప్పై. నీళ్లలోకి పాదాలతో దిగేటప్పుడు ఎంట్రీ (నీటిలోకి దిగే తీరు) గురించి ఆలోచన ఉండదు, మనసంతా బోర్డు మీద ఉంటుంది. చూడాల్సింది చేతులు: పైనున్న చేతులు ఒళ్లు దిగుతుండగా పక్కల నుంచి కిందికి రావాలి, తుంట్ల పక్కగా దాటి, బోర్డు దిగుతుండగానే ముందు నుంచి పైకి లేవాలి. బోర్డు లేవడం మొదలయ్యాక చేతులు ఊపితే ఆ ఊపు వృథా.

రెండో వారం నడక కొలిచాం. కొస నుంచి రెండు అంగుళాలు వదిలి, నీటికి వీపు పెట్టి నిలబడి, మామూలు నడకలో మూడు అడుగులు, తర్వాత ఒక హర్డిల్ గెంతు బోర్డు వెనక వైపుకు వేయించాం. ఎక్కడ ఆగాడో అదే మొదలయ్యే చోటు. కొత్త చోటు పాతదానికన్నా అడుగున్నర ముందుంది. అంటే ఇన్నాళ్లూ దూరం నుంచి మొదలుపెట్టి, ఆ దూరాన్ని ఆఖరి అంగతో పూడ్చుకుంటున్నాడు. సుద్ద గీత గీస్తే నీటికి అరగంటలో పోయింది. టేపు అంటిస్తే పాదం జారుతుంది, బోర్డు మీద టేపు ఎవరూ వేయొద్దు. చివరికి పక్క రెయిలింగ్‌కు ఎర్ర గుడ్డ పీలిక కట్టాం. బోర్డెక్కగానే చేయి దానికి తగిలేలా నిలబడతాడు. హర్డిల్‌ను 110 నుంచి 70 సెంటీమీటర్లకు తగ్గించాలని నోటితో చెప్పలేదు. చోటు మార్చి, ఆఖరి అడుగును మామూలు నడక అడుగులాగే ఉంచమన్నాం. మూడు సెషన్లలో దానంతట అదే 75 దగ్గరికి వచ్చింది. మిగులు దూరం లేకపోయేసరికి పైకి వెళ్లడం తప్ప ఒంటికి వేరే దారి లేదు. లేచే మోకాలు నడుము ఎత్తుకు రావడం కూడా అప్పుడే మొదలైంది.

చూపుకు ఒకే నియమం: పాదాలు దిగేదాకా కళ్లు కొస మీద, దిగాక ఎదురుగోడ మీద గుర్తుపెట్టిన చోటు మీద. తల వంచకూడదు, కళ్లు మాత్రమే దించాలి.

లయకు మాటలు కట్టాం. "నడు, నడు, నడు, లేఏఏ, నొక్కూఊఊ, పో." ఇందులో 'నొక్కు' సాగదీయడమే కీలకం. మొదట్లో 'తొక్కు' అన్నాం. ఆ మాట వినగానే పాత ఒక్క తన్నే వచ్చింది. మాట మార్చి, దీర్ఘం ఇస్తే కాలు కూడా దీర్ఘం తీసింది. ఇంగ్లీషులో 'వెయిట్' అనే శిక్షకులున్నారు. ఈ కుర్రాడికి 'ఆగు' అంటే నిజంగానే ఆగిపోయాడు, మోకాళ్లు గడ్డకట్టాయి. సలహా మాట ఒంటికి ఎలా అర్థమవుతుందో పరీక్షించి వాడాలి.

శబ్దాన్ని కూడా కొలమానం చేసుకున్నాం. శిక్షకుడు బోర్డుకు వీపు తిప్పి నిలబడి, వినిపించింది 'దబ్'నా 'ద-దబ్'నా అన్నది మాత్రమే చెప్పాలి. చూస్తూ ఉంటే పది తప్పులు కనిపించి పదీ చెప్పేస్తాం. వీపు తిప్పితే ఒక్కటే చెప్పగలం. పది రోజుల్లో కుర్రాడే నీళ్లలోంచి తల తీస్తూ "ద-దబ్ సార్" అని చెప్పడం మొదలుపెట్టాడు.

ఫల్క్రమ్‌ను వెనక్కి తిప్పడానికి షరతు పెట్టాం. పది గెంతుల్లో ఎనిమిది ఒకే శబ్దంతో, పాదాలు కొసకు నాలుగు వేళ్ల లోపు పడితేనే చక్రం పావు చుట్టు వెనక్కి. ఒక రోజులో ఒక్కసారికి మించి తిప్పకూడదు. కుర్రాడికి తొందర, మాకూ తొందరే. షరతు ఇద్దరినీ పట్టి ఉంచింది.

నాలుగో వారంలో ఎదురుదెబ్బ తగిలింది. గెంతులు చక్కగా వస్తున్నాయి కదా అని 101సి తిరిగి పెట్టాం. మొదటి డైవ్‌కే పాత వాలు మొత్తం వచ్చేసింది. తలకిందులుగా వెళ్లాలనుకోగానే చూపు నీటి మీదికి పోయింది, దాని వెంట ఒళ్లు పోయింది. మళ్లీ మొదటి వారానికి వెళ్దామా అన్న చర్చ జరిగింది. వెళ్లలేదు. గెంతు వచ్చు, డైవ్ వచ్చు, ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటడమే రాలేదు. కాబట్టి సాధన చేయించాల్సింది ఆ దాటడాన్నే. ఒక గెంతు, ఒక డైవ్, ఒక గెంతు, ఒక డైవ్. గెంతు సరిగ్గా రాకపోతే తర్వాతి డైవ్ రద్దు, మళ్లీ గెంతే. డైవ్‌లో ఎంట్రీ గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నది మాకు మేం పెట్టుకున్న నియమం. కాళ్లు విడిపోయినా, నీళ్లు ఎగజిమ్మినా నోరు మెదపలేదు. పన్నెండు సెషన్లకు తేడా చెరిగిపోయింది.

తొమ్మిదో వారం ఫలితం: పైకి లేచే ఫ్రేములు 84 నుంచి 98కి, అంటే 0.41 సెకనుకు చేరాయి. ఎత్తు 60 నుంచి 82 సెంటీమీటర్లు. ఎక్కడం, దిగడం కలిపి గాలిలో దాదాపు పదో వంతు సెకను అదనం. వినడానికి స్వల్పం. 103సిలో టక్ విప్పి, చేతులు కలిపి, నీటిని చూసుకోవడానికి కావాల్సింది దాదాపు అంతే. 101లో కాళ్లు నిలువు దాటడం ఎవరూ సరిచేయకుండానే ఆగిపోయింది. నేల మీద పెట్టె గెంతులను అప్పుడే తిరిగి పెట్టాం. ఈసారి బలం బోర్డులోకి వచ్చింది.

నేర్చుకున్నవి

ఎదురెదురు లక్షణాలు ఒకే డైవర్‌లో కనిపిస్తే రెండు మందులు రాసే ముందు రెంటికీ ఒకే మూలం ఉందేమో చూడాలి. మేం ఇప్పుడు ఏ ముందుకు డైవ్ వీడియో చూసినా క్రమం ఇది: మొదట ఆఖరి అడుగు పొడవు, తర్వాత హర్డిల్‌లో చూపు, తర్వాత పాదాల శబ్దం, ఆ తర్వాతే టేకాఫ్ వాలు. మొదటి మూడూ బాగుండి నాలుగోది మాత్రమే చెడిన డైవర్ ఇంతవరకూ మాకు తగల్లేదు. ఉండొచ్చు.

కాలవల్లో, నదిలో ఈత నేర్చిన పిల్లలు ఈ ప్రాంతంలో ఎక్కువ. వాళ్ల ధైర్యం బోర్డుకు పెద్ద ఆస్తి. చేరిన మొదటి రోజే గట్టు మీద నుంచి దూకించి, పక్క నుంచి వీడియో తీసి ఉంచుకుంటే ఏడాదిన్నర తర్వాత వెతుక్కోవాల్సిన పని ఉండదు. అలవాటును తిట్టకుండా, అది ఎక్కడ సరైనదో ఒప్పుకుని, బోర్డు ఎందుకు వేరో చూపిస్తే పిల్లలు త్వరగా వదులుతారు. కాలవలో పైకి ఎగరొద్దని కూడా చెప్పి పంపాలి. బోర్డు పాఠం తీసుకెళ్లి ఘాటు మెట్ల మీద వాడితే ప్రమాదం.

మిగిలి ఉన్నది

చేతులు ఇంకా రెండు మూడు ఫ్రేములు ఆలస్యం. అలసిన రోజు, సెషన్ చివరి పది నిమిషాల్లో, 'ద-దబ్' తిరిగి వస్తుంది. రెండుసార్లు వరుసగా వినిపిస్తే ఆ రోజుకు బోర్డు మీంచి దింపేస్తాం. ఇప్పుడు మూడు మీటర్ల బోర్డు మీదికి ఎక్కించాం. అక్కడ రెయిలింగ్ వేరు, చోటు మళ్లీ కొలవాలి, పీలిక మళ్లీ కట్టాలి. ఎత్తు చూసి చూపు మళ్లీ నీటి మీదికే పోతోంది. ఫల్క్రమ్ బాగా ముందుకు తిప్పి ఉంది, మొదటి వారం గెంతులే నడుస్తున్నాయి, రోజుకు ఇరవై.